మంద్ర తంత్రి

మన గృహములలో సంగీతవాద్యమునకు జరుగు మర్యాద విచిత్రమైనది. వీణ కొనునపుడు పనసకఱ్ఱ యే సీమదని విచారింతుము. యాళిముఖమున పూత చెడినదేమోయని తేఱిపాఱ జూతుము. గవుసెన కుట్టించుటకు పట్టుగుడ్డ వెదకుదుము. కాని పాడునది కఱ్ఱయు గాదు, పూతయు గాదు, పాడునది తీగ. ఆ తీగ యెంత లావుది, యే లోహముతో చేసినది, ఎన్నడు మార్చితిరి అని యడిగినచో మనలో పెక్కురు తలవంచుకొనవలసినదే.

అందును సారణికి గల యాదరము మంద్రమునకు లేదు. సారణి సన్ననిది, బిగించిన కొలది తెగును, తెగినప్పుడెల్ల క్రొత్తది వేయుదుము. మంద్రమును, అనుమంద్రమును లావైనవి; అవి అంత సులభముగా తెగవు. తెగు తీగ తన మాట తానే చెప్పుకొనును. తెగని తీగ చెమటను, ధూళిని, చిలుమును భరించుచు మెల్లమెల్లగా మూగవోవును. ఇంట పెద్దవారి నీరసమును మనము ఆలస్యముగా గుర్తించునట్లే, దాని నీరసమును గూడ ఆలస్యముగనే గుర్తింతుము. ఈ మంద్ర తంత్రి యెన్నికను గూర్చియు, దాని పోషణమును గూర్చియు మేము తెలిసికొన్న నాలుగు మాటలు సోదరీమణులతో చెప్పుకొనవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

ముందుగా తీగ పలుకు రహస్యము కొంత తెలియవలెను. తీగ స్వరము దాని పొడవు, బిగువు, బరువు అను మూడింటిపై ఆధారపడియుండును. ఫ్రాన్సు దేశపు పండితుడగు మెర్సెన్ 1636లో ప్రకటించిన గ్రంథమున ఈ సంబంధమును లెక్కతో నిరూపించెను. పొడవు సగమైనచో స్వరము ఒక స్థాయి పైకి బోవును. బిగువుచేతనే ఆ స్థాయి రావలెనన్న బిగువును నాలుగు రెట్లు చేయవలెను. పొడవును బిగువును మార్చక స్వరమును ఒక స్థాయి క్రిందికి దింపవలెనన్న తీగ బరువును నాలుగు రెట్లు పెంచవలెను. అట్లని ఒంటి తీగనే లావు చేసినచో అది కడ్డీవలె బిరుసెక్కి, మీటినపుడు సరిగా వంగక, అపస్వరపు టంకారము చేయును. ఈ చిక్కునకు పెద్దలు కనిపెట్టిన యుపాయము చుట్టుతీగ. సన్నని బలమైన తీగను నడుమ నుంచి, దానిపై వేఱొక తీగను ఒత్తుగా చుట్టుదురు. బరువు పెరుగును, వంగెడి గుణము చెడదు. ఐరోపాఖండమున 17వ శతాబ్దము నడుమ నుండి నరపు తంత్రులపై లోహపు తీగ చుట్టుట ఆచారమైనది.

మన వీణయందు 24 మెట్లపై నడచు తంత్రులు నాలుగు. సారణి మధ్యస్థాయి షడ్జము, రెండవది మంద్ర పంచమము, మూడవది మంద్ర షడ్జము, నాలుగవది అనుమంద్ర పంచమము. ప్రక్కనుండు తాళతంత్రులు మూడు. మొదటి రెండును ఒంటి ఉక్కు తీగలు. తక్కిన రెండింటికి ఇత్తడి తీగలు వేయుట పూర్వాచారము. నేడు తఱచుగా ఉక్కుపై మఱియొక లోహమును చుట్టిన తీగలు వేయుదురు. మా నాయనగారు మాకు ఇంటనే సంస్కృతము చెప్పిన దినములలో, విజయనగర రాజ్యమున రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధి యందు వీణ తంత్రులను ఏయే స్వరములకు కూర్పవలెనో చెప్పు ప్రకరణమును చదివించిరి. శాస్త్రకర్తలు మెట్ల కంటె ముందు తంత్రులనే పలుకరింతురని అప్పుడు వారు చెప్పిన మాట నేటికిని మా చెవిలో నున్నది.

అయినను మంద్ర తంత్రిని గూర్చి మేము ఇంతగా విచారింప హేతువైనది మా వీణ కాదు. మా మఱిది యింటికి తెచ్చిన బేసు గిటారు.

ఆ పేరు వినని సోదరీమణులకు దాని స్వరూపము చెప్పెదము. అది విద్యుత్తుతో మ్రోగు గిటారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున లియో ఫెండరు అను నాతడు 1951లో అమ్మకమునకు తెచ్చిన ప్రెసిషన్ బేసు ఈ జాతికి దారి చూపినది. దానికి తంత్రులు నాలుగు. మేరువు నుండి గుఱ్ఱము వఱకు తంత్రి మ్రోగు పొడవు 34 అంగుళములు. అన్నిటికంటె లావైన తంత్రి సెకనుకు సుమారు 41 మారులు కంపించును. మా శ్రుతిలో వీణ అనుమంద్ర పంచమము సెకనుకు 60 మారులకు కొంచెము పైగా కంపించును. ఈ తీగ దానికంటెను లోతు. వాద్యబృందములో ఇది పాట పాడదు. పాటకు క్రింద నేలవలె నిలుచును. నేలను ఎవ్వరును పొగడరు గాని, అది కదలినచో అందఱును తూలుదురు.

మా మఱిది పగలు ఒక దుకాణమున లెక్కలు వ్రాయుచు, తన సంపాదనతోనే ఒకరు వాడి విడిచిన బేసును కొనెను. స్నేహితులు నలుగురు కలిసి పెండ్లిండ్లలో పాటలు వాయింతురు. సాధనకు రాత్రి తప్ప వేళ లేదు. ఆ ప్రక్క గదిలోనే మా అత్తగారు తుంటియెముక విఱిగి మంచము పట్టియుండిరి. ఆంప్లిఫయరు గొంతు ఎంత తగ్గించినను, వ్రేలు ఒక మెట్టు నుండి మఱియొక మెట్టునకు జాఱినప్పుడెల్ల తీగ కీచుమని అఱచును. ఆమెకు కునుకు పట్టు వేళకు ఆ కీచు వచ్చి పడును. "గీ సప్పుడేంది బిడ్డా, గోరుతోటి గోడ గీకినట్టున్నది" అని ఆమె ఒకనాడు అనెను. అతడు మాఱు పలుకక వాద్యమును సంచిలో పెట్టెను. మఱునాడు మహబూబ్‌నగరులో ఒకరు దానిని సగము వెలకు కొందురని తెలిసికొని వచ్చెను. "అమ్మకన్న ఎక్కువదా వదినా యిది?" అని మాత్రము అనెను. ఆ మాటకు ఎదురు చెప్పుట యెవరి తరము? కాని అమ్మను, వాద్యమును ఒకే ఇంట ఉంచు దారి యున్నదా యని విచారించుట మా పని యని తోచినది.

మేము ఆ తంత్రిపై వ్రేలు నడపి చూచితిమి. సన్నని ఆకురాయివలె గరుకుగా నుండెను. మా వీణ మంద్రముపై చుట్టు కూడ కొంత గరుకే. వీణ వాయించువారు దూదిని కొబ్బరినూనెలో తడిపి దగ్గఱ నుంచుకొని వ్రేలికి రాచుకొనుట అందువలననే. ఆ యుపాయము బేసునకు పనికిరాదు. దాని చుట్టుల నడుమ సందులలో నూనెయు ధూళియు చేరి గడ్డకట్టినచో లావైన తీగ మఱింత వేగముగా మూగవోవును. కావున మార్చవలసినది వ్రేలు గాదు, తీగయే యని నిశ్చయించితిమి.

చుట్టుతీగలు ముఖ్యముగా రెండు తెఱగులు. మొదటిది గుండ్రని తీగతో చుట్టినది. అంగడివారు దీనిని రౌండ్‌వౌండ్ అందురు. రెండవది చదునైన రేకు వంటి తీగతో చుట్టినది. దీనిని ఫ్లాట్‌వౌండ్ అందురు. గుండ్రని తీగను చుట్టినపుడు చుట్టునకు చుట్టునకు నడుమ చిన్న గాడి నిలుచును. వ్రేలు జాఱునపుడు ఆ గాడులన్నియు వరుసగా తగిలి కీచుమను ధ్వని పుట్టును. రేకు తీగ అంచునకు అంచు చేర్చి చుట్టబడుటచే పైభాగము నున్నగా, పట్టునాడెవలె నుండును. వ్రేలు సడిలేక సాగును. తొలినాటి బేసు గిటారులకు వేసినవి ఈ చదును తీగలే. 1960ల నడుమ ఇంగ్లండులో రోటోసౌండు వారు చేసిన గుండ్రని చుట్టు తీగలను జాన్ ఎంట్‌విజిల్ అను వాదకుడు ప్రసిద్ధికి తెచ్చెను. వాటి నాదము పియానో దిగువ స్వరములవలె తళతళలాడునది. నాటి నుండి లోకము అటే మొగ్గినది. నేడు క్రొత్త బేసు కొన్నచో చాలవఱకు గుండ్రని చుట్టు తీగలే దానిపై నుండును.

చదును తీగ నాదము వేఱు. తళుకు తక్కువ, లోతు ఎక్కువ. మీటిన వెంటనే గుమ్మని పలికి, పై ధ్వనులు త్వరగా అణగి, మూలస్వరము మాత్రము నిలుచును. బొటనవ్రేలితో తీగను చఱచి వాయించు నేటి పద్ధతికి అది అంతగా ఒప్పదు. మెల్లని పాటకు, గాత్రమునకు క్రింద ఒదిగి నడచు సంగతికి అది మిక్కిలి యనుకూలము. ఇందు ఏది మేలు, ఏది కీడు అను వాదము వలదు. గంటకు గంట మేలు, మద్దెలకు మద్దెల మేలు. ఏ పాటకు, ఏ చేతికి, ఏ ఇంటికి అను ప్రశ్నయే అసలైనది.

ఎన్నికలో విచారింపవలసిన విషయములు ఐదు. వీణకును చాలవఱకు ఇవి చెల్లును.

మొదటిది పొడవు. బేసులు అన్నియు ఒకే పొడవువి కావు. 30 అంగుళములవియు, 32 అంగుళములవియు, 34 అంగుళములవియు కలవు. వాద్యమునకు తగిన పొడవు గల కట్టనే కొనవలెను. తీగ చివర పట్టుదారము చుట్టియుండు భాగము మేరువు దాటిన పిమ్మటనే మొదలు కావలెను. చుట్టుతీగ లావుగా నున్న భాగము బిరడకు మెలిదిరుగరాదు. మెలిదిరిగినచో చుట్టు లోపల వదులై నాదము చచ్చును.

రెండవది లావు. కట్టపై అంగుళములో వేయవ వంతుల లెక్కన దానిని ముద్రింతురు. సామాన్యమైన కట్టలో సన్నని తీగ 45, లావు తీగ 105 వంతులు. తీగ లావైనకొలది మేరువు గాడిలో ఇముడునో లేదో చూడవలెను. ఇముడనిచో గాడిని నేర్పరియైన పనివానిచేతనే కోయింపవలెను. ఇంటి ఆకురాయితో తోముట తగదు.

మూడవది బిగువు. లావు ఒకటే యైనను చదును తీగ గుండ్రని తీగకంటె తఱచు గట్టిగా లాగును. నాలుగు తీగలును కలిసి 70 మొదలు 85 కిలోల బలముతో ఆ కఱ్ఱమెడను వంచుచుండునని తెలిసినపుడు మాకు ఆశ్చర్యము కలిగినది. ఒక మనుష్యుడు దానిపై నెక్కి కూర్చున్నట్లే గదా! అందుచే తీగల జాతి మార్చినపుడు మెడలోని ఇనుప కడ్డీని కొంచెము త్రిప్పి మెడను సరిచేయవలసి వచ్చును. వ్రేళ్ళు లేతవైనచో బిగువు తక్కువ గల కట్టను ఏఱవలెను. వీణ నేర్చు చిన్నబాలికలకును ఇది గమనింపదగినది. తీగ కోసి వ్రేళ్ళు నెత్తురు చిమ్మగా విద్యపై విసుగు పుట్టిన పిల్లలను మేము చూచితిమి. తగిన తీగ వేసి, శ్రుతిని అరమెట్టు తగ్గించినచో నిలిచియుండెడి విద్య అది.

నాలుగవది లోహము. బేసు గిటారు నాదమును ఎత్తి పంపునది అయస్కాంతముతో చేసిన పికప్పు. దానికి వినబడవలెనన్న తీగలో ఉక్కు గాని, నికెలు గాని యుండవలెను. ఇత్తడి తీగ మన వీణపై మధురముగా పలుకును. అచట మాత్రము అది దాదాపు మూగ.

ఐదవది పాట. సంగీతము తీగను కోరునే గాని తీగ సంగీతమును శాసింపరాదు. ఇందుకు మన తెలుగుబిడ్డయే సాక్షి. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతము వాయింపబూనినపుడు, విదేశీయుల పద్ధతిలోని నాలుగు జంట తీగలు గమకమునకు ఒప్పలేదు. జంటలను విడిచి ఒంటి తీగలు వేసి, మంద్రస్థాయి కొఱకు ఐదవ తీగను చేర్చిరి. 2014లో వారు అకాలమున దివంగతులగు వఱకు ఆ వాద్యము లోకమంతట మన రాగములనే పాడినది. వాద్యము పరాయిదైనను, తీగను మన పాటకు తగినట్లు ఏర్చుకొన్నచో అది మనదగును.

ఇట్లు విచారించి చదును తీగల కట్టకై యడుగగా వెల మూడువేల రూపాయలకు పైబడియుండెను. బడిపంతులుగారి ఇంట అది చిన్న మొత్తము కాదు. అత్తగారి మందులు, పాలవాని లెక్క తీసివేసిన పిమ్మట మిగులునది మాకు తెలిసినదే. మా వారు కాగితముపై లెక్క వేసిరి. గుండ్రని చుట్టు తీగలు దాదాపు సగము వెలకు దొరకును గాని, తళుకు కోరువారు వాటిని కొన్ని మాసములకే మార్చుచుందురు. చదును తీగలు చక్కగా చూచుకొన్నచో ఏండ్లకొలది నిలుచును. "ఏటి లెక్క చూచినచో ఖరీదైనదే చౌక" అని వారు నవ్విరి. సగము సొమ్ము మా మఱిది పెట్టెను; సగము మేము చీరకై దాచినదానిలో నుండి తీసితిమి. చీర మఱుసటి పండుగకు వచ్చును. అమ్మివేసిన వాద్యము తిరిగి రాదు.

తీగలు వేయుటలోను నేర్పు కావలెను. అన్నిటిని ఒక్కమాఱుగా విప్పరాదు. మెడపై బలము ఒక్కసారి తొలగినచో కఱ్ఱ కదలును. ఒకదానిని విప్పి, దాని స్థానమున క్రొత్తది వేసి, ఓ మోస్తరు శ్రుతికి తెచ్చిన పిదప రెండవదానిని ముట్టవలెను. ఈ సందున మెట్ల నడుమ చేరిన మురికిని పొడిగుడ్డతో తుడుచుట సులువు. చదును తీగను పొడవు తగ్గింపవలసినచో, ముందు బిరడ దాటిన చోట దానిని లంబముగా వంచి, ఆ వంపునకు ఆవల మాత్రమే కత్తిరింపవలెను. వంచక కత్తిరించినచో రేకు చుట్టు విచ్చుకొని, ఆ వదులు తీగ పొడవునను పాకును. బిరడ చుట్టు రెండు మూడు మెలికలు చాలును. అవి ఒకదాని క్రింద నొకటి పేర్చినట్లు దిగవలెను. తీగ మెలిపడకుండ, కట్ట విప్పినది విప్పినట్లే సాగనీయవలెను.

ఆ రాత్రి మా మఱిది క్రొత్త తీగలతో సాధన చేసెను. గోడ కీచుమనలేదు. దూరమున ఎక్కడనో మద్దెల వాయించునట్లు మెత్తని గుమ్ము మాత్రము వినబడుచుండెను. అత్తగారు ఏమియు అనలేదు, నిద్రపోయిరి. పదియైదు దినముల పిమ్మట అతడు పెండ్లి వాయిద్యమునకు పొరుగూరు పోయిన రాత్రి, "గా సప్పుడు లేకుంటే ఇల్లు బోసిగున్నదమ్మా" అని ఆమెయే అనెను. మహబూబ్‌నగరు బేరము అంతకుముందే వదలుకొనబడినది.

ఇక పోషణము. తంత్రికి మొదటి శత్రువు చెమట. అందలి ఉప్పు లోహమును తినును. మా నాగర్‌కర్నూలు సీమలో చైత్రవైశాఖముల ఎండకు కూర్చున్నచోటనే చెమట కాఱును. వర్షర్తువున గాలిలోని తేమ తోడగును. కావున వాయించుటకు ముందు చేతులు కడిగి తుడుచుకొనవలెను. వాయించిన పిమ్మట మెత్తని పాతనూలు గుడ్డతో ఒక్కొక్క తీగను చుట్టి పట్టి, మేరువు నుండి గుఱ్ఱము దాక రెండుమాఱులు లాగవలెను. తీగ క్రింది భాగమును మఱువరాదు. ఇంతకు రెండు నిమిషములు పట్టవు. ఈ రెండు నిమిషములే తీగకు ఆయువు.

గుండ్రని చుట్టు తీగలు మూగవోయినపుడు కొందఱు వాటిని విప్పి నీట ఉడికించి, ఆరబెట్టి మరల వేయుదురు. కొన్నినాళ్ళు తళుకు తిరిగి వచ్చును. చదును తీగను ఎన్నడును ఉడికింపకుడు. దాని అంచుల సందున చొచ్చిన నీరు సులభముగా వెలికి రాదు. లోపలి ఉక్కు త్రుప్పుపట్టును. నూనెయు వలదు. పొడిగుడ్డయే దాని మందు. వీణ ఉక్కు తీగలకు మాత్రము, ఎక్కువ దినములు వాయింపక యుంచవలసి వచ్చినచో, కొబ్బరినూనె తడి చేసిన దూదితో ఒకమాఱు తాకించి, మరల పొడిగుడ్డతో తుడుచుట మేలు. వాద్యమును వంటయింటి గోడకు తగిలింపరాదు. ఎండ పడు కిటికీ దగ్గఱ నుంచరాదు. వీణ మెట్లను నిలిపియుంచునది మైనము. ఎండకు మైనము మెత్తబడినచో మెట్లు కదలి, తీగ మంచిదైనను స్వరము చెడును.

ఎన్నడు మార్చవలెను? తీగ తెగువఱకు ఆగుట వీణ సారణికి చెల్లును గాని మంద్రమునకు చెల్లదు. మూడు గుర్తులు చెప్పెదము. విడిగా మీటినపుడు శ్రుతి కుదిరి, మెట్లపై నొక్కినపుడు కుదరకపోవుట మొదటిది. తీగ కొన్నిచోట్ల అఱిగి బరువు సమముగా లేకపోవుటచే ఇట్లగును. చుట్టు ఒకచోట వదులై గిఱగిఱమను సడి వచ్చుట రెండవది. వ్రేలికి త్రుప్పు గాని, మెట్టు కొట్టుకొన్న పల్లము గాని తగులుట మూడవది. ఈ మూడును లేనియెడల, పాతదైనదను ఒక్క కారణమున చదును తీగను తీసివేయ నక్కఱలేదు. క్రొత్తలో దానికి కొంత లోహపు మెఱుగు ఉండును. వాయించిన కొలది ఆ మెఱుగు అణగి అసలు గొంతు తేలును. అమెరికాలో డెట్రాయిటు నగరపు మోటౌన్ పాటలకు బేసు వాయించిన జేమ్స్ జేమర్సన్ (1936–1983) లా బెల్లా వారి లావైన చదును తీగలు వేసి, అవి తెగిననే తప్ప మార్చెడివాడు కాడని ప్రసిద్ధి. లక్షలమంది విని ఆనందించిన ఆ పాటలలో నేలవలె నిలిచినది పాత తీగల నాదమే. క్రొత్తది యనుటయే గుణము కాదని పచ్చళ్ళ జాడీలు పెట్టు మనకు వేఱుగా చెప్పవలెనా?

అంగడిలో తీగ దొరకుట మనకు అల్పవిషయముగా తోచును. కాని అంగడి యెఱుగని తంత్రివాద్యము మన జిల్లాలోనే యొకటి కలదు: 12 మెట్ల కిన్నెర. వెదురు దండి, ఎండిన సొరకాయ బుఱ్ఱలు, మైనముతో నిలిపిన మెట్లు. పూర్వము దాని తంత్రులను జంతువుల నరములతోను వెండ్రుకలతోను కూర్చెడివారని చెప్పుదురు. తరువాత లోహపు తీగలు వచ్చినవి. లింగాల మండలమున అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యగారు దానిని భుజమున మోసికొని, పండుగ సాయన్న మొదలగు వీరుల కథలు పాడుచు ఊరూర తిరిగిరి. 2021లో భీమ్లా నాయక్ చలనచిత్రపు పాటలో వారి గొంతు దేశమంతట వినబడినది. 2022లో పద్మశ్రీ లభించినది. కిన్నెరకు తీగ ఎంత లావుండవలెనో ఏ కట్టపైనను ముద్రింపబడియుండదు. ఎంత బిగింపవలెనో ఏ గ్రంథమును చెప్పదు. అది తండ్రి వ్రేళ్ళ నుండి కొడుకు వ్రేళ్ళకు రావలసిన విద్య. ఒక తరము వ్రేళ్ళు ఊరకున్నచో ఆ వాద్యము గోడకు వ్రేలాడు బొమ్మ యగును. మన బడులలో, ఉత్సవములలో కిన్నెర వాదకులను పిలిచి వినుటయు, పిల్లలచేత దానిని ముట్టించుటయు మనము చేయగల పోషణము.

మన పురాణములలో సరస్వతి వీణకు కచ్ఛపి యని, నారదుని వీణకు మహతి యని, తుంబురుని వీణకు కళావతి యని పేరులు గలవు. పేరు పెట్టిన వస్తువును ఎవ్వరును మూలబడవేయరు. సోదరీమణులారా! మీ యింట వీణ గాని, తంబుర గాని, పిల్లల గిటారు గాని యుండినచో రేపు ఉదయము గవుసెన విప్పుడు. అన్నిటికంటె లావైన తీగపై వ్రేలు ఒక్కమాఱు మెల్లగా నడపుడు. గరుకు తగిలినదా, త్రుప్పు తగిలినదా, పల్లము తగిలినదా చూడుడు. ఒక పాతగుడ్డను దానికై ప్రత్యేకించి వాద్యముతోడనే యుంచుడు. తీగ మార్చిన తేదీని గవుసెన లోపల చిన్న చీటిపై వ్రాయుడు. మార్చవలసివచ్చినచో వెల మాత్రమే చూడక, వాయించు వ్రేళ్ళను, పాడవలసిన పాటను, ప్రక్క గదిలో నిద్రించువారిని గూడ తలచుకొని తీగను ఏఱుడు. అట్లు ఏఱిన తీగ మీ యింట చాలకాలము మెల్లగా పలుకుచుండును.